పారేసిన అన్నాన్ని తూచిన పదో తరగతి

పదో తరగతి లెక్కల పుస్తకంలో స్టాటిస్టిక్స్ పాఠం బాగా చివరికి వస్తుంది. అప్పటికి చలికాలం వచ్చేసి, రివిజన్ల హడావుడి మొదలై, టీచర్లకీ పిల్లలకీ ఓపిక అడుగంటి ఉంటుంది. సూత్రాలు బోర్డు మీద రాసి, ఒకటో రెండో లెక్కలు చేయించి, "ఇందులోంచి ప్రశ్న తప్పకుండా వస్తుంది, మార్కులు పోగొట్టుకోకండి" అని హెచ్చరించి ముందుకెళ్ళిపోవడం మా వృత్తిలో మామూలే. పిల్లలు కూడా సగటు, మధ్యగతం, బాహుళకం అనే మూడింటినీ మూడు రకాల మాత్రల్లా మింగేసి పరీక్ష రాసేస్తారు.

రిటైరయ్యాక నేను గుణదలలో స్థిరపడ్డాను. కొత్తగా ఉద్యోగంలో చేరిన లెక్కల టీచర్లు అప్పుడప్పుడూ వస్తుంటారు. కాఫీ తాగుతూ, "మేడం, మీ సర్వీసులో మీకు బాగా గుర్తుండిపోయిన క్లాసు ఏదండీ?" అని అడుగుతారు. అందరూ పాసైన సంవత్సరం గురించి చెబుతానని వాళ్ళ ఆశ. నేను మాత్రం నా సర్వీసు చివరి రోజుల్లో పారేసిన అన్నాన్ని కాటా వేసి తూచిన పిల్లల గురించి చెబుతాను. కాఫీ చల్లారిపోతుంది కానీ ఎవరూ మధ్యలో లేవరు. మీకూ అదే చెబుతాను.

అప్పుడు నేను పనిచేసే హైస్కూలు బెజవాడకి దిగువన, బందరు కాలువ వైపు ఒక చేనేత ఊళ్ళో ఉండేది. ఊరు సగం నేతపని, సగం వ్యవసాయం. బస్సు దిగి ఏ వీధిలోంచి నడిచినా మగ్గాల చప్పుడు వినిపించేది. బడి వెనక గోడ దాటితే వరి చేలే.

ఆ రోజు పదో తరగతిలో పుస్తకంలోని లెక్క ఒకటి బోర్డు మీద వేస్తున్నాను. ముప్ఫై మంది విద్యార్థుల బరువులు ఇచ్చి, సగటు కనుక్కోమన్నారు. వెనక బెంచీలోంచి ఒక పొడుగాటి కుర్రాడు చెయ్యెత్తాడు. వాళ్ళ నాన్న ఊళ్ళలో తిరిగి పాత ఇనప సామాన్లు కొనేవాడు. కుర్రాడికి ప్రతిదాన్నీ తిప్పి చూసే అలవాటు అక్కడినుంచే వచ్చిందనుకుంటాను.

"టీచర్, వీళ్ళెవరు?"

"ఎవర్రా?"

"ఈ ముప్ఫై మంది. ఏ ఊరోళ్ళు?"

క్లాసంతా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. "ఎవరూ కాదు. లెక్క కోసం ఊహించుకున్నవాళ్ళు" అన్నాను.

"మరి లేనోళ్ళ సగటు బరువు మనకెందుకు టీచర్?"

వాడు వెటకారానికి అడగలేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగాడు. అలాంటి ప్రశ్నకి "కూర్చో" అని చెప్పడం సులభమే. ఎందుకో ఆ రోజు చెప్పబుద్ధి కాలేదు. చాక్‌పీసు కింద పెట్టేశాను.

"సరే. ఉన్నవాళ్ళ లెక్కే తీద్దాం. దేని మీద తీద్దామో మీరే చెప్పండి."

ఇక చూడండి. రోడ్డు మీద వెళ్ళే బండ్లు లెక్కపెడదామని ఒకడు. ఊళ్ళో ఏ హీరోకి అభిమానులెక్కువో తేలుద్దామని ఇంకొకడు, దానిమీద అప్పుడే రెండు బెంచీల మధ్య యుద్ధం. ఎవరి అమ్మ ఎన్ని సీరియల్స్ చూస్తుందో రాద్దామని ఒక పిల్ల. ఆ గోలలో మన పొడుగబ్బాయి మళ్ళీ చెయ్యెత్తి, "మధ్యాహ్నం అన్నం ఎంత పారేస్తన్నామో తూద్దాం టీచర్" అన్నాడు.

క్లాసు ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. మొదటి బెంచీలో కూర్చున్న ఒక అమ్మాయి తల దించుకుంది.

ఆ నిశ్శబ్దానికి కారణం చెప్పాలి. బడిలో మధ్యాహ్న భోజనం వండేది ఆ అమ్మాయి వాళ్ళమ్మే. బొద్దుగా, గట్టి గొంతుతో, పిల్లల్ని అరుస్తూనే కొసరి కొసరి వడ్డించే మనిషి. ఇంటాయన మగ్గం నేస్తాడు. అంతకు ముందురోజే బడి కమిటీ చైర్మన్ గారు భోజనాల వేళకి వచ్చి, కుళాయి పక్కన బకెట్ల నిండా మిగిలిన అన్నం చూశారు. ఆయన ఊళ్ళో చీరలు నేయించి గవర్నర్‌పేటలో హోల్‌సేల్ కొట్లకి వేసే వ్యాపారి. గొంతు పెంచకుండా మాట్లాడతారు, అన్న మాట మీద నిలబడతారు. "సగం కుడితిలోకే పోతోందండీ హెడ్మాస్టారూ. వంట బాగుండట్లేదని తల్లిదండ్రులు అంటున్నారు. నెలాఖరు మీటింగులో వంటావిడని మార్చే సంగతి తేల్చేద్దాం" అని చెప్పి వెళ్ళారు. ఆ మాట సాయంత్రానికల్లా ఊరంతా పాకింది.

నేను ఆ అమ్మాయి వైపు చూశాను. "నీకు ఇష్టం లేకపోతే వేరేది తీసుకుందామమ్మా" అన్నాను.

ఆమె లేచి నిలబడింది. "తూయండి టీచర్. మా అమ్మ బాగానే వండుద్ది" అంది. ఆ గొంతులో రోషం విని నాకు ముచ్చటేసింది. తూచే జట్టులో ఆమెని కూడా వేశాను.

స్టాఫ్ రూములో ఈ సంగతి చెబితే సైన్సు మాస్టారు కళ్ళజోడు సర్దుకుని నావైపు జాలిగా చూశారు. "వాళ్ళమ్మ ఉద్యోగం మీదకొచ్చిన లెక్కని ఆ పిల్ల చేతే తూయిస్తారా మేడం?" అన్నారు. "ఆ పిల్లని పక్కన పెడితే మనసెంత కష్టపడుతుందండీ" అన్నాను. "మనసు సంగతి కాదండీ, కాటా సంగతి అడుగుతున్నాను" అన్నారాయన. నేను వినలేదు.

పొడుగబ్బాయి వాళ్ళ నాన్న దగ్గర్నుంచి వేలాడదీసి తూచే కాటా తెచ్చాడు. దాన్ని సైకిల్ స్టాండు దూలానికి కట్టారు. భోజనాలవగానే మిగిలిన అన్నం బకెట్లన్నీ కొక్కేనికి తగిలించడం, ముల్లు చూడడం, గట్టిగా అరిచి చెప్పడం, ఒకరు రాసుకోవడం. మొదటి రోజు వచ్చిన అంకె చూసి హెడ్మాస్టారికి చెమట పట్టింది. "ఇంతా! ఇది చైర్మన్ గారికి తెలిస్తే మీటింగు దాకా కూడా ఆగరు" అన్నారు.

మర్నాడు ఎవరో తుంటరి ఖాళీ బకెట్ ఒకటి కొక్కేనికి తగిలించి, "టీచర్, ఖాళీ బకెట్ కూడా అన్నం పారేస్తంది!" అని కేకేశాడు. చూస్తే నిజమే. బకెట్ల బరువు తీసెయ్యాలన్న సంగతి మాలో ఒక్కరికీ తట్టలేదు. పెద్ద పెద్ద ఇనప బకెట్లు. వాటి బరువు తీసేసి మళ్ళీ లెక్క వేస్తే అంకె బాగా దిగింది. హెడ్మాస్టారు ఊపిరి పీల్చుకున్నారు. ఆ తుంటరికి నేను చాక్లెట్ ఇచ్చాను. వాడికి అది దేనికో అర్థం కాలేదు.

రోజుకొక కమ్మీ చొప్పున పెద్ద చార్టు మీద బార్ గ్రాఫు గీయడం మొదలుపెట్టాం. ఏ రోజు ఏం వండారో కింద రాసేవాళ్ళం. దాన్ని క్లాసు గోడకి అంటించాం. ఇంటర్వెల్లో పక్క తరగతుల పిల్లలు కూడా వచ్చి చూసి పోయేవాళ్ళు. కోడిగుడ్డు పెట్టిన రోజు కమ్మీ పొట్టిగా ఉండేది, అది ఎవరికైనా అర్థమవుతుంది. పులిహోర పెట్టిన రోజు కూడా ఫరవాలేదు.

వారం చివర గ్రాఫు పూర్తిచేసి అందరం కూర్చుని చూస్తున్నాం. నేను సగటు గురించి మొదలుపెట్టబోతుంటే పొడుగబ్బాయి మెల్లగా లేచి చార్టు దగ్గరికి నడిచాడు. ఒక కమ్మీ మీద వేలు పెట్టాడు.

"టీచర్, ఇది పాలకూర పప్పు రోజు."

"అయితే?"

"గుడ్డు రోజుకన్నా ఇదే పొట్టిగా ఉంది. అంటే మనోళ్ళు గుడ్డుకన్నా పాలకూర ఇష్టంగా తిన్నట్టు. నేను నమ్మను."

"ఎందుకు నమ్మవు?"

"నేనే పారేశాను టీచర్. నా పక్కనోడూ పారేశాడు. మా లైనంతా పారేశాం."

"మేమూ పారేశాం టీచర్" అని అమ్మాయిల వైపు నుంచి రెండు గొంతులు వచ్చాయి. పాలకూర పారేశామని ఇంత ధైర్యంగా ఒప్పుకున్న సభ మరొకటి ఉండదు. మరి ఆ అన్నమంతా ఎటుపోయింది? కాటా పాడైందేమోనని ఒకరు, రాయడంలో పొరపాటేమోనని ఇంకొకరు వాదించుకుంటున్నారు. నేను మొదటి బెంచీ వైపు చూశాను. ఆ అమ్మాయి ముఖం పాలిపోయింది.

"నేనే టీచర్" అంది, లేచి నిలబడి. "గేదెలాయన కుడితి కోసం రోజూ మనం తూచాక వస్తాడు కదా. ఆ రోజు ముందే రమ్మన్నాను. రెండు బకెట్లు తూయకముందే పోసేశాను."

అది చెప్తుండగానే కన్నీళ్ళొచ్చాయి.

క్లాసులో గొడవ మొదలైంది. "మోసం" అన్నారు కొందరు. "మీ అమ్మ కోసమైతే నువ్వు మాత్రం చెయ్యవా?" అని ఆమె పక్కన కూర్చునే పిల్ల తిరగబడింది. నాకు సైన్సు మాస్టారి మాట గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి. ఆయన గది మా పక్కదే. గోడకి అవతల విని నవ్వుకుంటున్నారేమోననిపించింది.

"నన్ను తీసెయ్యండి టీచర్" అంది ఆ అమ్మాయి.

తీసేస్తే ఊళ్ళో ఆ పిల్ల తలెత్తుకోలేదు. ఉంచితే మా లెక్కని ఎవరూ నమ్మరు. అప్పుడు నేను చేసిన మంచి పని ఒక్కటే: వెంటనే ఏమీ చెప్పకుండా ఊరుకున్నాను. "మీరే చెప్పండి, ఏం చేద్దాం?" అన్నాను క్లాసుని.

కాసేపటికి మళ్ళీ పొడుగబ్బాయే మాట్లాడాడు. "తనని తియ్యక్కర్లేదు టీచర్. తరగతికో బకెట్ పెడదాం. ఎవరి బకెట్ దగ్గర వాళ్ళ లీడరు నిలబడతాడు. తూచేదాకా కదలడు. ఇంక ఎవరినీ నమ్మాల్సిన పని లేదు, అనుమానించాల్సిన పనీ లేదు."

అందరికీ నచ్చింది. మరి పాలకూర రోజు కమ్మీ ఏం చెయ్యాలి? చించేద్దామన్నారు కొందరు. కొత్త చార్టు గీద్దామన్నారు. ఆ అమ్మాయే కళ్ళు తుడుచుకుని ఎర్ర స్కెచ్ పెన్ను తీసుకుంది. ఆ కమ్మీ మీద అడ్డంగా గీత కొట్టి, పక్కన గుండ్రటి అక్షరాలతో రాసింది: 'ఈ రోజు లెక్క చెల్లదు. తూయకముందే కొంత తీసేశారు.' ఎవరు తీశారో రాయాలా అని నన్నడిగింది. అక్కర్లేదన్నాను.

ఆ తర్వాతి వారం బకెట్ల ముందు లీడర్లు ఎలా నిలబడ్డారో మీరు చూసి ఉండాల్సింది. ఏడో తరగతి లీడరు ఎండకి టోపీ పెట్టుకుని, బకెట్ దగ్గరికి కాకి వచ్చినా చేత్తో అదిలించేవాడు. "కాకి తింటే లెక్క తగ్గిపోద్దండి" అన్నాడు నాతో.

నిజానికి తరగతికో బకెట్ పెట్టింది కాపలా కోసం. కానీ దానివల్ల మాకు అంతవరకూ లేని లెక్క ఒకటి చేతికొచ్చింది. ఏ తరగతి ఎంత పారేస్తోందో విడివిడిగా తెలిసింది. మా అందరి అనుమానం పదో తరగతి మగపిల్లల మీదే. వాళ్ళ అనుమానం కూడా వాళ్ళ మీదే. తీరా గ్రాఫు గీస్తే పదో తరగతి కమ్మీ అడుగున ఉంది. ఆరో తరగతిది అన్నిటికన్నా పైన ఉంది. దాని పక్కన ఏడో తరగతి.

"ఆరులో పిల్లలు ఎక్కువ కదా టీచర్, అందుకేమో" అంది మొదటి బెంచీ అమ్మాయి. తప్పు చేసి దొరికాక ఆమె అందరికన్నా జాగ్రత్తగా ఆలోచించడం మొదలుపెట్టింది. మంచి మాట. ఒక్కో తరగతి పారేసినదాన్ని ఆ రోజు తిన్న పిల్లల సంఖ్యతో భాగించాం. ఆ రోజు సగటు అనే మాటని నేను నిర్వచించలేదు. అందరూ పెన్నులు పట్టుకుని తలా కొంత లెక్క చేస్తుంటే నాకు పనే లేకపోయింది. భాగించాక కూడా చిన్న తరగతులదే పైచేయి. ఏం కూర వండారన్నదానికన్నా ఏ తరగతి అన్నదే ఎక్కువ తేడా చూపిస్తోంది.

ఎందుకు? గ్రాఫుకి ఆ సంగతి తెలియదు. అడగడానికి నలుగురిని పంపాం. ఆరో తరగతిలో ఒక బక్కపిల్ల చెప్పిన జవాబు నాకు ఇప్పటికీ గుర్తే. "ఆ హస్తం చూస్తేనే కడుపు నిండిపోద్దండి" అంది.

హస్తమంటే అన్నం వడ్డించే పెద్ద గరిటె, అది అందరికీ ఒకటే. పదో తరగతిలో మీసాలొస్తున్న కుర్రాడికీ, నిన్నగాక మొన్న ప్రైమరీ బడి నుంచి వచ్చిన ఈ పిల్లకీ ఒకే హస్తం, ఒకే కుప్ప. సంగతి అడుగుదామని నేను వంటగదికి వెళ్ళాను. వంటావిడ పొయ్యి దగ్గర చెమటలు కక్కుతోంది.

"చిన్నపిల్లలకి అంతంత పెడతారేంటమ్మా? తినలేకపోతున్నారు."

"తక్కువ పెడితే ఊరుకుంటారా టీచరు గారూ? పోయిన ఏడు ఇట్టాగే ఒక గరిటె తగ్గించి పెడితే, బియ్యం మూటగట్టి ఇంటికి మోసుకుపోతన్నానని అన్నారండి. అప్పట్నించీ అందరికీ నిండా పెట్టేస్తన్నాను. తిన్నోళ్ళు తింటారు, పారేసినోళ్ళు పారేస్తారు. నామీద మాట రాకూడదు."

ఆవిడ స్థానంలో నేనున్నా అలాగే చేసేదాన్ని.

తర్వాతి వారం హెడ్మాస్టారి అనుమతితో పద్ధతి మార్చాం. ఆరు, ఏడు తరగతులకి చిన్న హస్తంతో ముందు కొంచెం పెట్టాలి. అడిగినవాళ్ళకి అడిగినన్నిసార్లు మారు వడ్డించాలి. వంటావిడ మొదట ఒప్పుకోలేదు. "మీరు పక్కన నిలబడితేనే పెడతాను" అంది. నిలబడ్డాను. మా సైన్సు మాస్టారు కూడా వచ్చి నిలబడ్డారు. "కాటా నమ్మకంగానే ఉందా మేడం?" అని అడిగారు. "ఇప్పుడు ఉందండీ" అన్నాను. ఆయన నవ్వి ఊరుకున్నారు. అంతకన్నా ఏమీ అనకపోవడం ఆయన పెద్దమనసు.

కమ్మీలు టకటకా కిందికి దిగాయి. పిల్లలు రోజూ భోజనాలవగానే క్లాసుకి పరిగెత్తి, కొత్త కమ్మీ గీసేదాకా ఆగలేకపోయేవాళ్ళు. వారం ఇంకో రోజులో ముగుస్తుందనగా దెబ్బ తగిలింది. సాంబారు పెట్టిన రోజు అన్ని తరగతుల బకెట్లూ నిండిపోయాయి. చిన్నా పెద్దా తేడా లేదు. నేను ఒక ముద్ద నోట్లో పెట్టుకుని సంగతి గ్రహించాను. ఉప్పు కషాయం.

సాయంత్రం బస్సుకి వెళుతూ వంటగది పక్కగా నడుస్తుంటే లోపల తల్లీకూతుళ్ళ మాటలు వినిపించాయి.

"సాయం చేసే ఆమె రాలేదే ఇయ్యాల. హడావుడిలో ఉప్పు రెండుసార్లు పడింది. ఈ ఒక్కరోజూ లెక్కలోంచి తీసేయించు."

"తియ్యకూడదమ్మా."

"ఎందుకు తియ్యకూడదు? మొన్న పాలకూర రోజు కొట్టేశారుగా? దానిమీద ఎర్రగీత ఉందిగా? దీనిమీదా ఒకటి గీయి."

నేను అక్కడే ఆగిపోయాను. సిగ్గులేకుండా చెప్పాలంటే, లెక్కల టీచర్లని కూడా తికమకపెట్టే ప్రశ్న అది. ఏం చెబుతుందోనని చెవులు రిక్కించి విన్నాను.

"అది దొంగ లెక్కమ్మా. అందుకని కొట్టేశాం. ఇది నిజం లెక్క. మనకి నచ్చలేదని నిజాన్ని కొట్టేస్తే ఎట్టా?"

లోపల గిన్నె ఒకటి విసురుగా బోర్లించిన చప్పుడైంది. "నిన్ను బడికి పంపడం నాదే తప్పు" అంది తల్లి. నేను గబగబా బస్టాపు వైపు నడిచాను. నవ్వు ఆపుకోవడం కష్టమైంది.

మీటింగు రోజు వచ్చింది. కమిటీ సభ్యులు, కొందరు తల్లిదండ్రులు హెడ్మాస్టారి గదిలో పట్టక వరండాలో కూర్చున్నారు. వంటావిడ స్తంభం పక్కన చేతులు కట్టుకుని నిలబడింది. ఉతికిన చీర కట్టుకుని, ముఖానికి పౌడరు రాసుకుని వచ్చింది. గట్టి గొంతు మనిషి ఆ రోజు ఒక్క మాట మాట్లాడలేదు. చార్టులు గోడకి అంటించాం. మాట్లాడాల్సింది పిల్లలే అని ముందే చెప్పాను.

పొడుగబ్బాయి మొదటి వారం నుంచి చెప్పుకొచ్చాడు. బకెట్ బరువు మర్చిపోయిన సంగతి కూడా దాచలేదు. ఎర్రగీత దగ్గరికి వచ్చేసరికి ఆగాడు. "ఇది మేం లెక్క పారేసుకున్న రోజండి" అని మాత్రం చెప్పి ముందుకెళ్ళాడు. చిన్న హస్తం, మారు వడ్డన, దిగిన కమ్మీలు, అన్నీ వివరంగా చెప్పాడు.

చైర్మన్ గారు చివరిదాకా విన్నారు. చీర అంచు పట్టి చూసినట్టు చార్టుని దగ్గరగా చూశారు.

"బాగానే ఉంది బాబూ. ఒక్క సందేహం. మీరు కాటా పెట్టి తూస్తున్నారని తెలిసి పిల్లలు జాగ్రత్తగా తిన్నారేమో? మీరు కాటా తీసేస్తే మళ్ళీ మామూలే అవుతుందేమో?"

అంత మంచి ప్రశ్న నేను కూడా వేసుకోలేదు. వరండాలో అందరూ పిల్లల వైపు చూస్తున్నారు. పొడుగబ్బాయి తల గోక్కున్నాడు.

"అట్టాగైతే ముందు వారాలు కూడా తూచాం కదండీ" అన్నాడు నెమ్మదిగా. "అప్పుడు కూడా మేం తూస్తున్నట్టు అందరికీ తెలుసు. కానీ అప్పుడు తగ్గలేదు. చిన్న హస్తం వచ్చాకే తగ్గింది."

చైర్మన్ గారు తల పంకించారు. ఆయన వేలు మెల్లగా జరిగి, పొట్టి కమ్మీల మధ్య నిటారుగా నిలబడ్డ ఒక్క కమ్మీ మీద ఆగింది.

"మరి ఇదేంటి? చిన్న హస్తం వచ్చాకే కదా ఇదీ?"

పొడుగబ్బాయి నోరు తెరవకముందే మొదటి బెంచీ అమ్మాయి ముందుకొచ్చింది. వాళ్ళమ్మ వైపు చూడలేదు.

"అది సాంబారు రోజండి. మా అమ్మ ఉప్పు రెండుసార్లు వేసిందండి. ఆ రోజు ఎవరూ తినలేకపోయారు. ఆ తప్పు మా అమ్మదే. మిగతా రోజులవి మాత్రం కాదండి."

ముందు వరసలో కూర్చున్న ఒక పెద్దాయన పకపకా నవ్వేశాడు. నవ్వు ఒకరి నుంచి ఒకరికి పాకింది. హెడ్మాస్టారు చేతిరుమాలు అడ్డం పెట్టుకున్నారు. వంటావిడ ఎర్రబడిన ముఖంతో కూతురి వైపు చూసింది. చూసి చూసి, తనూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

చైర్మన్ గారు కూడా నవ్వారు. ఆయన నవ్వడం నేను అదే మొదటిసారి చూడడం. "సరేనండీ. ఉప్పు సంగతి ఇంత నిక్కచ్చిగా చెప్పిన పిల్ల మిగతాదీ నిజమే చెబుతుంది. వంటావిడని మార్చే మాట ఇక లేదు. చిన్న హస్తాలు ఇంకో రెండు కమిటీ తరఫున కొనిపెడతాం. ఈ తూచడం మాత్రం వేసవి సెలవులకి బడి మూసేదాకా ఆపకండి" అన్నారు.

ఆ పిల్లల్లో ఎందరికి ఆ ఏడు పరీక్షలో స్టాటిస్టిక్స్ ప్రశ్నకి పూర్తి మార్కులొచ్చాయో నాకు గుర్తులేదు. బాగానే వచ్చి ఉంటాయి. మీ క్లాసులో ఎప్పుడైనా ఎవరైనా "వీళ్ళెవరు టీచర్?" అని అడిగితే మాత్రం చాక్‌పీసు కింద పెట్టండి. కాస్త భయంగానే ఉంటుంది. వచ్చే జవాబు మీ చేతుల్లో ఉండదు. మీరు కోరుకున్నదే వస్తుందన్న హామీ కూడా లేదు.

మీటింగు మర్నాడు మళ్ళీ సాంబారే వండారు. గంట కొట్టకముందే వంటావిడ గిన్నెలో కొంచెం పోసుకుని, పదో తరగతి గుమ్మం దాకా వచ్చింది. క్లాసు జరుగుతున్న సంగతి పట్టించుకోకుండా గిన్నె నా ముందు పెట్టింది.

"ఉప్పు చూడండి టీచరు గారూ."

చూశాను. "చక్కగా సరిపోయిందమ్మా" అన్నాను.

ఆవిడ నడుం మీద చెయ్యి పెట్టుకుని మొదటి బెంచీ వైపు తిరిగింది. గట్టి గొంతు మళ్ళీ వచ్చేసింది.

"విన్నావుగా? రాయి మరి. ఇది కూడా రాయవే!"